ఏలీయాకు ముందుగా రొట్టె

కర్మెలు పర్వతం మీద బయలు ప్రవక్తలందరినీ ఒంటరిగా ఎదిరించి నిలిచిన ఏలీయా, యెజెబెలు పంపిన ఒక్క బెదిరింపు కబురుకు ప్రాణభయంతో పరుగెత్తాడు. బెయేర్షెబాలో తన పనివాణ్ణి వదిలేసి, ఒక రోజు ప్రయాణమంత దూరం అరణ్యంలోకి వెళ్లి, ఒక బదరీవృక్షం కింద కూలబడ్డాడు. ఇక తనవల్ల కాదని, తన ప్రాణం తీసేసుకొమ్మని దేవుణ్ణే అడిగాడు. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఉన్న ఈ సంగతి మనందరికీ తెలిసిందే.

అప్పుడు దేవుడేం చేశాడు? ఆ స్థానంలో మనముంటే ఏం చేసేవాళ్లమో చెప్పనక్కర్లేదు. నిన్నగాక మొన్న ఆకాశం నుంచి అగ్ని దిగిరావడం కళ్లారా చూసిన నీకు ఈ అధైర్యమేమిటి, నీ విశ్వాసం ఏమైందని నిలదీసేవాళ్లం. వెంటనే మూడు రోజుల ఉపవాస ప్రార్థన కూడా పెట్టేవాళ్లమేమో! దేవుడు మాత్రం ఒక్క మాటా అనలేదు. ఏలీయాను నిద్రపోనిచ్చాడు. తర్వాత దూత వచ్చి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టెను, బుడ్డిలో నీళ్లను చూపించాడు. ఏలీయా తిని, తాగి మళ్లీ పడుకున్నాడు. మళ్లీ పడుకున్నందుకూ దేవుడు కోప్పడలేదు. దూత రెండోసారి లేపి, ఇంకా చాలా దూరం నడవాలి, నీకు శక్తి చాలదంటూ మళ్లీ తినమన్నాడు. ఆ తిండి బలంతోనే ఆయన నలభై పగళ్లు, నలభై రాత్రులు నడిచి హోరేబు చేరుకున్నాడు. దేవుడు అతణ్ణి ప్రశ్న అడగడం, మెల్లని స్వరంతో మాట్లాడడం, కొత్త బాధ్యత అప్పగించడం అన్నీ ఆ తర్వాతి సంగతులు. ముందు నిద్ర, తర్వాత తిండి, ఆ తర్వాతే మాట.

ప్రసంగ వేదిక ఎక్కే మాలాంటి వాళ్లం ఈ వరుసను ఎంత తేలిగ్గా తలకిందులు చేస్తామో ఒక ఆదివారం మాకు తెలిసొచ్చింది. ఆ రోజు మేము ఎంచుకున్న వాక్యభాగం మత్తయి సువార్త ఆరో అధ్యాయం. విత్తని, కోయని ఆకాశపక్షులను పరలోకపు తండ్రి పోషిస్తున్నాడు గదా, చింత దేనికని గట్టిగానే చెప్పాము. చింతించడం అవిశ్వాసమనీ అన్నాము. ఆరాధన ముగిశాక, మూడిళ్లలో అంట్లు తోమి బతికే ఒక సోదరి దగ్గరకొచ్చి మెల్లగా అంది: ‘‘అయ్యగారూ, పక్షులకు మంగళవారం కిస్తీ ఉండదు కదండీ!’’

ఆమె వేళాకోళమాడలేదు. ఆమె ముఖం చూస్తేనే ఆ సంగతి తెలిసింది. భర్త కాలు విరిగి మంచాన పడ్డప్పుడు ఒక గ్రూపులో అప్పు తీసుకుంది. అది తీర్చడానికి ఇంకోటి, కూతురి ఫీజుకు మరోటి. అలా నాలుగయ్యాయి. మంగళవారం పొద్దున్న సెంటరు మీటింగులో డబ్బు పెట్టలేకపోతే మిగతా ఆడవాళ్లంతా అక్కడే కూర్చోవాలి, ఆమె తరఫున వాళ్లు కట్టాలి. అంటే అప్పుతో బాటు పరువు కూడా తాకట్టులో ఉందన్నమాట. ఆదివారం సాయంత్రం నుంచే గుండె దడ. సోమవారం రాత్రి కంటి మీద కునుకుండదు. మంగళవారం కట్టేశాక కాస్త ఊపిరి పీల్చుకుంటే, బుధవారం నుంచి మళ్లీ లెక్కలు. ఇలా మూడేళ్లు గడిచాయట. ఆ మూడేళ్లలో మేము ఆమెకు ఎన్నిసార్లు ప్రార్థన చేసి పంపామో! ఏమిటమ్మా నీ బాధ అని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

ఇది ఒక్కరి కథ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల వేధింపులకు తట్టుకోలేక ఆత్మహత్యలు జరిగాయన్న వార్తలు పల్లెపల్లె నుంచీ వచ్చాయి. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఆ రోజుల్లో వార్తలకెక్కిన పల్లెల్లో మన సంఘాలు లేవని ఎవరైనా అనగలరా? చర్చి గోడకు ఆనుకుని జరుగుతున్న దాని గురించి చర్చి లోపల ఎంత మాట్లాడుకున్నాం?

ఒత్తిడి అనగానే మన కళ్లముందు కదిలేది పెద్ద ఉద్యోగి. రెండు ఫోన్లు, తలకు మించిన బాధ్యతలు, చివరికి గుండెపోటు. కూలివాడికేముంది, తిన్నదరిగేలా పనిచేసి హాయిగా నిద్రపోతాడని ఒక నమ్మకం. ఈ నమ్మకం తప్పని తేల్చిన పరిశీలన ఒకటుంది. లండన్‌లో వైట్‌హాల్ అనే వీధి ప్రభుత్వ కార్యాలయాలకు నెలవు. అక్కడి ఉద్యోగుల ఆరోగ్యాన్ని 1967 నుంచి పరిశీలించారు. దాదాపు 18 వేల మంది, అందరూ పురుషులు. వారిలో ఎవరూ తిండికి లేనివారు కాదు, అందరికీ నెల జీతముంది, ఆ దేశంలో వైద్యం ప్రభుత్వమే చూస్తుంది. అయినా హోదా మెట్టు ఒక్కొక్కటి దిగుతున్నకొద్దీ గుండెజబ్బు మరణాలు పెరుగుతూ పోయాయి. అట్టడుగున ఉన్న బంట్రోతులు, ద్వారపాలకుల వంటి ఉద్యోగులు పైమెట్టు అధికారులకంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా ఆ జబ్బుతో చనిపోయారు. కింది ఉద్యోగులు సిగరెట్లు ఎక్కువ తాగుతారు, అదే కారణమేమోనని లెక్క తీశారు. సిగరెట్టును, రక్తపోటును, కొవ్వును అన్నింటినీ కలిపి చూసినా ఆ తేడాలో పెద్ద భాగం అలాగే మిగిలిపోయింది. మైకేల్ మార్మట్ అనే వైద్యుడు ఈ పని మీద ఏళ్ల తరబడి కూర్చున్నాడు. 1985లో స్త్రీలను కూడా కలుపుకుని 10,308 మందితో రెండో పరిశీలన మొదలుపెట్టారు. తన పని మీద తనకు ఏ అధికారమూ లేనివాడికి, ఎప్పుడు చేయాలో, ఎలా చేయాలో, ఎంత చేయాలో అన్నీ వేరొకరు నిర్ణయించేవాడికి గుండెజబ్బు ముప్పు ఎక్కువని అందులో తేలింది. పని ఎక్కువ కావడం ఒక భారం. ఆ పని మీద మాట చెల్లకపోవడం అంతకుమించిన భారం.

నిర్గమకాండం చదివేవారికి ఇది కొత్త సంగతి కాకూడదు. అయిదో అధ్యాయంలో ఫరో చేసిందేమిటి? గడ్డి ఇవ్వడం మానేశాడు, ఇటుకల లెక్క మాత్రం తగ్గించలేదు. గడ్డి వాళ్లే ఏరుకోవాలి, ఇటుకలు మాత్రం అన్నే కావాలి. పైగా వాళ్లను సోమరులన్నాడు. తలారులు వెంటపడ్డారు, నాయకులు దెబ్బలు తిన్నారు. ఆరో అధ్యాయంలో మోషే వెళ్లి దేవుడు మిమ్మల్ని విడిపిస్తాడన్న శుభవార్త చెబితే వాళ్లు వినలేకపోయారు. ఎందుకని? వారి మనస్సు కుంగిపోయిందని, వెట్టిచాకిరి కఠినంగా ఉందని తొమ్మిదో వచనంలోనే కారణం ఉంది. వాళ్లకు విశ్వాసం లేదని అక్కడ రాయలేదు. నడుము విరిగిన మనిషి చెవిలోకి సువార్త కూడా దూరదని లేఖనమే ఒప్పుకుంటోంది. దేవుడు వాళ్ల మీద అలిగి వెనక్కి పోలేదు. వాళ్లు విన్నా వినకపోయినా భారం దించే పని ఆపలేదు.

శరీరం సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. కుక్క తరుముకొస్తే గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తపోటు పెరుగుతుంది, రక్తంలో చక్కెర ఎక్కువవుతుంది. పరుగెత్తడానికి దేవుడిచ్చిన ఏర్పాటిది. అడ్రినలిన్, కార్టిసాల్ అనే రసాయనాలు ఆ పని చేస్తాయి. కుక్క పోగానే అన్నీ సర్దుకుంటాయి. అప్పు అలా పోదు. మేస్త్రీ తిట్టు పోదు. కులం పేరుతో పడే చిన్నచూపు పోదు. కుక్క వాకిట్లోనే కాపురముంటే ఆ రసాయనాలు తగ్గేదెప్పుడు? ఏళ్లు గడిచేసరికి బీపీ, షుగరు, నిద్రలేమి స్థిరపడిపోతాయి.

అలవాట్ల మాట ఇక్కడే వస్తుంది. బీడీ, గుట్కా, సారా, రోజుకు ఆరేడు టీలు, వేళకు తిండి లేకపోవడం. వీటిని మనం ఒక్కొక్కరి పాపాల జాబితాలో రాసేసి చేతులు దులుపుకొంటాం. తాగుడు మంచిదని మేమనడం లేదు. తాగినవాడికి పట్టేది మంచి నిద్ర కాదు, మర్నాటి కూలిడబ్బు కూడా దానికే పోతుంది, ఇంట్లో భార్యకు ఒత్తిడి రెట్టింపవుతుంది. అయితే రోజంతా మూటలు మోసినవాడు నడుంనొప్పి మరిచిపోవడానికి సీసా పట్టుకుంటాడని, పస్తును మరిపించడానికి బీడీ వెలిగిస్తాడని, కొనగలిగిన సుఖం అదొక్కటే గనుక అక్కడికే పోతాడని తెలుసుకోకుండా మానేయమంటే అతను మానగలడా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన పురుషుల్లో 43 శాతం మంది మద్యం తాగుతున్నారు. ఇంతమందికి ఒకే రోజున బుద్ధి చెడిందా? పల్లె నడిబొడ్డున దుకాణం పెట్టించినవారికి ఇందులో భాగం లేదా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఈ సంగతి మనకంటే ముందే గ్రహించారు. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటూనే వాళ్లు మొగుళ్లను తిట్టడం మాని సారా దుకాణం ముందు కూర్చున్నారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. అది వేరే కథ.

డాక్టరు దగ్గరకు వెళితే అందరికీ ఒకే సలహా దొరుకుతుంది. నడవండి, కూరగాయలు తినండి, టెన్షన్ తగ్గించుకోండి. హైదరాబాదు కేబీఆర్ పార్కులో తెల్లవారుజామున బూట్లు వేసుకుని నడిచేవారున్నారు. అదే వేళకు నగరం వీధుల్లో చీపురు పట్టుకుని నడిచే ఆడవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ నడుస్తున్నారు. ఒకరికి అది ఆరోగ్యం, రెండోవారికి అది దుమ్ము, మోకాళ్లనొప్పి, సూపర్‌వైజరు కేక. కూరగాయల ధర తెలిసిన ఇల్లాలు అందరికీ పెట్టాక అడుగున మిగిలిన చారన్నమే తింటుంది. ఇది వైద్యుల తప్పు కాదు. వారికి రోగికి రెండు నిమిషాలే దొరుకుతాయి. మనకు వారానికి రెండు గంటలు దొరుకుతున్నాయి.

ఉన్నవారికి ఒత్తిడి లేదని కాదు. రాత్రి షిఫ్టుల్లో కళ్లు కాయలు కాచిన యువతీ యువకులు, ఇంటి అప్పు కంతుల్లో ఇరవయ్యేళ్లు ముందే అమ్ముడుపోయినవారు మన పట్టణ సంఘాల్లో చాలామందే ఉన్నారు. వారి కన్నీళ్లూ నిజమే. కాకపోతే వారికి సెలవు పెట్టే వీలుంది, డాక్టరును మార్చే వీలుంది, తమ బాధకు పేరు పెట్టుకునే చదువుంది.

మన సంఘాల పుట్టుకను గుర్తు చేసుకుంటే ఈ తేడాను మనం మరిచిపోలేం. తెలుగునాట ప్రొటెస్టెంటు సంఘాల్లో ఎక్కువ భాగం మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో మొదలైనవే. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలిపని కల్పించాడు. అన్నం కోసమే మతంలోకి వస్తున్నారేమోనన్న జంకుతో కరువు పని సాగినంత కాలం బాప్తిస్మాలు కూడా ఆపాడు. కరువు తీరాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. 1883లో గుంటూరు వచ్చిన అన్నా కుగ్లర్ వైద్యురాలు. మన తాతముత్తాతలకు సువార్త ఒట్టి మాటగా రాలేదు, కూలితో, మందుతో కలిసి వచ్చింది. అది తిని, అది తాగి లేచిన సంతానం మనం.

ఆ సంతానంలో ఇంకొక దిగులూ ఉంది, దాన్ని మనం బయటికి చెప్పుకోము. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కారణంగా క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉండడు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరిచారు. అందువల్ల మనలో ఎన్నో ఇళ్లలో గుళ్లో ఒక పేరు, సర్టిఫికెట్టులో మరో పేరు. ఏ రోజు ఎవరు ఆకాశరామన్న అర్జీ పెడతారోనని ఉద్యోగమంతా భయపడుతూ గడిపినవారు మాకు తెలుసు. అందులో న్యాయాన్యాయాలు తేల్చే చోటు ఇది కాదు. కానీ ముప్ఫయ్యేళ్లు ఆ భయాన్ని గుండెలో దాచుకున్న మనిషికి బీపీ ఎందుకొచ్చిందని మాత్రం మనం అడగక్కర్లేదు.

ఇంతకీ మన సంఘాలు ఈ ఒత్తిడిని తగ్గిస్తున్నాయా, పెంచుతున్నాయా? పాటలో, ప్రార్థనలో, తోటివారి చేతి స్పర్శలో ఎందరో ఊరట పొందడం మేము ఏళ్లుగా చూస్తున్నాము. అది అబద్ధం కాదు. అయితే ఇంకొన్ని కూడా చూస్తున్నాము. కట్టడం నిధికి ఎవరెంత ఇచ్చారో మైకులో చదువుతాం. వంద రూపాయలు ఇచ్చినామె తల వంచుకుంటుంది. శుక్రవారం తెల్లవార్లూ ప్రార్థన పెట్టి, శనివారం పొద్దున్నే పనికి పోవాల్సినవాళ్లను నిద్రకు దూరం చేస్తాం. షుగరు ఉన్నవాళ్ల చేత ఉపవాసాలు చేయిస్తాం. మాకు బాగా తెలిసిన ఒక పల్లె సంఘంలో పెద్దాయన స్వస్థత కూటం నుంచి వచ్చి, విశ్వాసంతో బీపీ మాత్రలు మానేశానని సాక్ష్యం చెప్పాడు. అందరం చప్పట్లు కొట్టాము. ఏడాది తిరిగేసరికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆ చప్పట్లలో మావీ ఉన్నాయి. పౌలు తిమోతి కడుపు జబ్బుకు ప్రార్థనతో సరిపెట్టకుండా ఆనాటి మందు చెప్పాడని, వైద్యుడైన లూకాను వెంట ఉంచుకున్నాడని ఆ రోజు మాలో ఎవరమూ గుర్తు చేయలేదు.

చింతపడొద్దని పౌలు రాసిన ఫిలిప్పీయులకు నాలుగో అధ్యాయం సంగతే చూడండి. ఆరో వచనాన్ని ఫ్రేము కట్టించి గోడలకు తగిలించుకున్నాం. ఆ అధ్యాయంలోనే పద్నాలుగో వచనం నుంచి ఏముంది? తన శ్రమలో పాలుపంచుకున్నందుకు, తన అవసరానికి ఒకటికి రెండుసార్లు సాయం పంపినందుకు చెరసాలలో ఉన్న పౌలు ఆ సంఘానికి కృతజ్ఞత చెబుతున్నాడు. సాయం పంపిన సంఘానికి రాసిన మాటను, సాయం పంపని సంఘం గోడకు తగిలించుకుంటే ఎలా? ప్రభువు పక్షుల గురించి చెప్పింది నిజమే. ఆ మాట విన్న శిష్యులు అపొస్తలుల కార్యాలు నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి తమలో లేమి అన్నది లేకుండా పొలాలు అమ్మి పంచుకున్నారు. పరలోకపు తండ్రి పోషించేది ఈ దారిలో కూడా.

విశ్రాంతి దినం మాటేమిటి? ద్వితీయోపదేశకాండం అయిదో అధ్యాయంలో ఆ ఆజ్ఞ యజమానికి మాత్రమే కాదు, దాసునికీ, దాసికీ, ఎద్దుకూ వర్తిస్తుంది. నీలాగే నీ దాసుడూ విశ్రమించాలి, నువ్వూ ఒకనాడు ఐగుప్తులో దాసుడివేనన్నది అక్కడ చెప్పిన కారణం. మనం ఆదివారం దుకాణం తెరవొచ్చా, బిర్యానీ కొనొచ్చా అని వాదించుకుంటాం. మన ఇంట్లో అంట్లు తోమే మనిషికి ఆదివారం సెలవుందా అని మాత్రం అడగం. మొదట చెప్పిన ఆ సోదరి పనిచేసే మూడిళ్లలో ఒకటి మన సంఘంవారిదే. ఆదివారం ఆ ఇంట్లో పని ముగించి, పరుగున ఇంటికెళ్లి చీర మార్చుకుని ఆమె గుడికి వచ్చేది. ఆ ఇంటివారు ముందు వరుస కుర్చీల్లో, ఆమె వెనక చాప మీద. ఈ సంగతి మాకు ఆ మంగళవారం మాట తర్వాతే తెలిసింది.

ఆ తర్వాత మేము చేసింది గొప్ప పనేమీ కాదు. సంఘపెద్దలు ఇద్దరు, బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకాయన కూర్చుని ఆమె అప్పులన్నీ ఒక కాగితం మీద రాశారు. వడ్డీ ఎక్కువున్న దాన్ని ముందు తీర్చడానికి సంఘంలో కొంత డబ్బు పోగయింది. ఇచ్చినవారి పేర్లు గానీ తీసుకున్నామె పేరు గానీ చదవలేదు. దాని మీద కమిటీలో గొడవ కూడా జరిగింది. ఒకరికి ఇస్తే పదిమంది వస్తారన్నారు. నిజంగానే వచ్చారు! అందరికీ ఇవ్వలేకపోయాము. కొందరు ఇప్పటికీ మాతో మాట్లాడరు. శుక్రవారం ప్రార్థన రాత్రి పదింటికి ముగించడం మొదలుపెట్టాము. భక్తి తగ్గిపోయిందని ఒకరిద్దరు వేరే సంఘానికి వెళ్లిపోయారు. మొదటి ఆదివారం ఆరాధన తర్వాత, ఆసుపత్రిలో నర్సుగా చేసే ఒక చెల్లెమ్మ బల్ల వేసుకుని బీపీ చూస్తుంది. మాత్రలు ఆపేసినవాళ్లెవరో అక్కడే బయటపడుతుంది. నోటీసు బోర్డు మీద కూటాల పోస్టర్ల పక్కనే 14416 అన్న నంబరు రాయించాము. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలిమానస్ ఫోను సేవ అది. మనసు బాగోలేనివారు ఏ వేళలోనైనా ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడుకోవచ్చు. పాస్టర్లు కూడా చేసుకోవచ్చు. చాలీచాలని కానుకలతో బతుకుతూ, అందరి దుఃఖాలూ విని తమ దుఃఖం చెప్పుకునే చోటు లేని పల్లె కాపరుల సంగతి మరో వారం రాస్తాము.

ఆ సోదరి అప్పుల్లో రెండు తీరాయి, రెండున్నాయి. మంగళవారాలు ఇంకా ఉన్నాయి. ఆ ముందు వరుస ఇంటివారితో అమ్మగారు ఏం మాట్లాడారో గానీ, ఇప్పుడు ఆదివారం ఆమెకు అక్కడ పని లేదు. పోయిన నెలలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, అందరూ టీ తాగుతుండగా ఆమె వెనక చాప మీదే గోడకానుకుని నిద్రపోయింది. స్త్రీల కూటం మొదలవుతోందని ఎవరో లేపబోయారు. అమ్మగారు వేలు పెదవుల మీద పెట్టి వద్దని సైగ చేసి, ఒక పళ్లెంలో అన్నం పెట్టి, మూత వేసి, పక్కన ఉంచి వెళ్లారు.